పడమటి విమానంలో ఉపవాసం

గురువారం మధ్యాహ్నం రెండుంబావు. నైరోబీలో, కెప్టెన్ ఫాకీ ఇంట్లో, వెనక గదిలో, నేను మోకాళ్ళ మీద ఉన్నాను. నమాజు కోసం కాదు. నేలమీద పరిచిన రెండు చాపలు చూడ్డం కోసం.

రంజాన్ ఉపవాసాల్లో ఆవేళ ఇరవై ఏడోది. నాలుక ఎండిన తోలుముక్కలా ఉంది. ఉద్యోగం ఇంకో నాలుగు నెలలు. ఈ వయసులో నేలమీదికి దిగడం సులువే, లేవడమే పెద్ద దర్యాప్తు.

"ఏమైనా దొరికిందా పెద్దాయనా? లేకపోతే కునుకు పట్టిందా?"

గుమ్మంలో ముతిందా. హత్యల విభాగం సూపరింటెండెంట్. నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్న, రెండు హోదాలు పెద్ద. బూట్లతోనే లోపలికి అడుగు పెట్టాడు.

"బూట్లు, సార్," అన్నాను.

"ఏం?"

"నమాజు గది ఇది."

"హత్య జరిగిన గది," అన్నాడు. అయినా ఒక అడుగు వెనక్కి వేశాడు. అంతవరకు మంచివాడే.

కేసు చెప్పుకుంటే నాలుగు ముక్కలు. మంగళవారం సాయంత్రం నాలుగుకీ అయిదుకీ మధ్య ఎవరో ఫాకీ తల వెనక రోకలితో ఒకే ఒక్క దెబ్బ వేశారు. వంటింట్లో యాలకులూ మిరియాలూ దంచే పొట్టి రోకలి. దానిమీద వంటమనిషి కాద్జో వేలిముద్రలు తప్ప ఇంకెవరివీ లేవు. మూడున్నరకి కొబ్బరికాయల కోసం బజారుకెళ్ళి అయిదూ ఇరవైకి తిరిగొచ్చానని ఆవిడ అంటోంది. బజారులో ఆవిడని చూశామన్న మనిషి ఒక్కడూ దొరకలేదు. పైగా ఆ ఉదయమే ఆవిడ "చస్తావు, నా మాట వినకపోతే చస్తావు" అని ఫాకీ మీద కేకలేయడం పక్కింటివాళ్ళు విన్నారు. ముతిందాకి ఇంకేం కావాలి? ఆవేళే పట్టుకెళ్ళి లోపల వేశాడు. కోర్టు ఇచ్చిన గడువు రేపు ఉదయం తొమ్మిదితో సరి. ఆలోగా నేను ఇంకో పేరు చూపించకపోతే అరవై రెండేళ్ళ మనిషి మీద హత్యానేరం పడుతుంది.

ఇంకో పేరు నా దగ్గరుంది. నస్సోర్. మా లాము దీవుల మధ్య లాంచీలు తిప్పే నస్సోర్. కిందటి ఆగస్టులో ఆయన లాంచీ ఒకటి మునిగి పంతొమ్మిది మంది పోయారు. నడిపింది ఫాకీ. వచ్చే సోమవారం విచారణ సంఘం ముందు నిలబడి, రెట్టింపు జనాన్ని ఎక్కించమన్నదీ, లైఫ్ జాకెట్లు గదిలో పెట్టి తాళం వేయించిందీ యజమానేనని ఫాకీ చెప్పబోతున్నాడు. చెప్పకముందే పోయాడు.

"మళ్ళీ నస్సోర్ గురించేగా?" ముతిందా జేబులోంచి ఒక కాగితం తీసి నా ముఖం ముందు ఆడించాడు. "చూడండి. రాత్రి కూర్చుని మీకోసమే అచ్చు తీయించా. నైరోబీ నుంచి డకార్‌కి గాలి దూరం ఆరు వేల రెండొందల కిలోమీటర్లు. ప్రయాణం ఏడు గంటల నలభై అయిదు నిమిషాలు. మంగళవారం ఒంటిగంటకి లేచిన విమానంలో, పద్నాలుగో వరుస కిటికీ సీట్లో మీవాడున్నాడు. పాస్‌పోర్టు మీద ఇక్కడి ముద్ర ఉంది, అక్కడి ముద్రా ఉంది. ఫాకీ తల పగిలే టైముకి వాడు మధ్య ఆఫ్రికా అడవుల మీద, ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున ఉన్నాడు. అక్కణ్ణుంచి విసిరాడంటారా రోకలి?"

"గురి కుదరదు," అన్నాను.

"హమ్మయ్య, ఒప్పుకున్నారు."

"ఈ చాపలు చూశారా సార్?"

"చూశా. రెండున్నాయి. ముసలాయనకి చాపలంటే మోజేమో."

"ఒక మనిషి నమాజుకి ఒక చాప చాలు. ఇద్దరైతే, చేయించేవాడు ఎడమవైపు నిలబడతాడు. వెనక చేసేవాడు కుడివైపు, ఓ మడమంత వెనక్కి. ఇవి సరిగ్గా అలాగే ఉన్నాయి. మూడూ నలభైకి అసర్, సాయంత్రపు నమాజు. కాద్జో బయటికెళ్ళాక ఇక్కడికి ఎవరో వచ్చారు. ఫాకీతో కలిసి నమాజు చేశారు. కాద్జో ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి."

ముతిందా ఒక నిమిషం చాపల్ని చూశాడు. తెలివి తక్కువవాడేం కాదు. అదే నాకు చిరాకు.

"సరే, వచ్చారు. నమాజు చేశారు, వెళ్ళిపోయారు. తర్వాత కాద్జో వచ్చింది, కొట్టింది. కాదనడానికి మీ దగ్గరేముంది?"

జవాబు కోసం ఆగకుండా గుమ్మం దిగాడు.

ఆయన వెళ్ళాక ఇంకోసారి వంగి చూశాను. కుడివైపు చాప ఫాకీది. నెత్తురు మరక దానిమీదే ఉంది. మోకాళ్ళు ఆనేచోట అరిగిపోతే తెరచాప గుడ్డ ముక్క వేసి, పడవవాళ్ళు కుట్టే కుట్టు కుట్టుకున్నాడు. ఎడమవైపుది కొత్తది, బీరువాలోంచి అతిథి కోసం తీసింది. అంటే సొంత ఇంట్లో, సొంత గదిలో ఫాకీ వెనక నిలబడ్డాడు. వచ్చినవాణ్ణి ముందు నిలబెట్టాడు. మాలో ఇంటాయన నమాజు చేయించడం మర్యాద. ఆ మర్యాద ఊరికే ఎవరికీ వదులుకోరు.

వంటింట్లో గిన్నెనిండా కందులు నానబోసి ఉన్నాయి. రెండు రోజులకి పులిసి నురగ కట్టాయి. కిటికీ తెరిచి బయటికి నడిచాను.

*

మూడింటికి స్టేషన్లో కాద్జో ముందు కూర్చున్నాను. మూలన ముడుచుకుని ఉంది. కాళ్ళకి చెప్పులు లేవు.

"అవ్వా, తిన్నావా?"

"ఏదో పెట్టారయ్యా. ఉప్పు లేదు." తల ఎత్తింది. "కందులు నానబోసొచ్చా. కొబ్బరి పాలల్లో వండుదామని. పారబోశారా లేదా? ఇల్లంతా కంపు కొడతాది."

"పారబోయిస్తాలే. ఒక్క మాట చెప్పు. ఆ పొద్దున ఆయన్ని చస్తావన్నావా?"

"అన్నా. ఎన్నిసార్లన్నానో! సాచ్చెం సెప్తే సంపేత్తారు, నోరు మూసుకుని మన ఊరెళ్ళిపోదారి అన్నా. ఇంటేనా? పంతొమ్మిది మంది రోజూ కల్లోకొత్తన్నారు కాద్జో, నిద్దర లేదు అన్నాడు. నా నోరు పడిపోను, నేనన్నట్టే అయ్యింది."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. రెండు రోజులుగా ఏడ్చి ఉంటుంది, ఇక మిగల్లేదు.

"ఫాకీ ఇంట్లో నమాజు ఎవరు చేయించేవాళ్ళు?"

"ఇంకెవురు? ఆయనే. ఎంత పెద్దోళ్ళొచ్చినా ఆయనే ముందు. మంకుపట్టు మనిషి."

"ఎవరి వెనకా నిలబడేవాడు కాదా?"

కొంచెం ఆలోచించింది. "ఆ యజమాని వత్తే నిలబడేవోడు. నస్సోర్ బాబు. పాతికేళ్ళు లాంచీ మీద ఆయనెనకాలే నిలబడ్డాడు గందా. అలవాటు. నేనూ నవ్వేదాన్ని, కప్తానువి నువ్వు, ఎనకాల నిలబడతావేందని."

లేచాను. మోకాలు కలుక్కుమంది. ఆవిడ నా చొక్కా అంచు పట్టుకుంది.

"అయ్యా, నాకు ఉరేత్తారా?"

ఈ దేశంలో ఉరితీసి చాలా ఏళ్ళయింది. కానీ జైల్లోంచి ఈ వయసువాళ్ళు నడిచి బయటికి రావడం కూడా నేను చూడలేదు. "వెయ్యరు," అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. ముప్పై రెండేళ్ళుగా ఇలాంటి మాటలే చెప్పి చెప్పి నాకు విసుగు పుట్టింది.

*

నాలుగున్నరకి నస్సోర్ ఇంటి తలుపు తట్టాను. తీసింది ఆయన తమ్ముడు అబూద్. అన్న పోలికే. అదే గడ్డం, అదే నుదురు, అదే పొడుగు. వయసులో రెండేళ్ళు తేడా. ఫోటోలో చూస్తే తల్లి కూడా తడబడేంత పోలిక. నన్ను చూసి పక్కకి తప్పుకున్నాడు.

నస్సోర్ మాత్రం ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. తెల్లటి అంగీ, అత్తరు వాసన.

"రండి కొంబో అన్నా, రండి. మన లాము మనిషి ఈ కేసు చూస్తున్నాడంటే నాకు ధైర్యంగా ఉంది. ఫాకీ నాకు సొంత అన్న లాంటివాడు. ఈ ఉదయం ఆరున్నరకి విమానం దిగుతూనే విన్నాను. ఇంటికి కూడా రాకుండా నేరుగా ఖబరస్తాన్‌కే వెళ్ళాను."

"డకార్‌లో ఏం పని?"

"ఆక్టోపస్ ఎగుమతి. అక్కడివాళ్ళతో ఒక మాట. బుధవారమంతా కూర్చుని రాత్రికి మళ్ళీ విమానం ఎక్కాను. ఒక్కరోజు పనికి అంత దూరం! నడుం విరిగిపోయింది."

"మొదటిసారా వెళ్ళడం?"

"మొదటిసారే."

"మంగళవారం ప్రయాణం కొంచెం వివరంగా చెప్పండి. నా పై అధికారికి కాగితం నింపాలి. మీకు తెలుసుగా."

"దానికేముంది?" సోఫాలో వెనక్కి వాలాడు. "ఒంటిగంటకి లేచింది. పద్నాలుగో వరుస, కిటికీ పక్క. ముందు వరుసలో ఒక పసిబిడ్డ రెండు గంటలు గుక్కపట్టి ఏడ్చింది. తల్లికి చెమటలు. ఏడూ ముప్పావు గంటలు కూర్చోవడమంటే మాటలా?"

పసిబిడ్డ మాట నిజమే. విమాన సంస్థవాళ్ళు అప్పటికే చెప్పారు. ఇంకో తలుపు మూసుకుపోయింది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను.

"భోజనం?"

"భోజనమా?" ఆయన నవ్వాడు. "రంజాన్‌లోనా?"

"ప్రయాణంలో ఉన్నవాడికి మినహాయింపు ఉందిగా. నేనైతే వాడేసుకుంటాను. తర్వాత ఎప్పుడో తీర్చుకోవచ్చు."

"మీ ఇష్టం, మీ బలహీనత. పదేళ్ళ వయసునుంచి నేను ఒక్క ఉపవాసం వదల్లేదు కొంబో అన్నా. జ్వరంలోనూ వదల్లేదు, సముద్రంలోనూ వదల్లేదు. ఆ అమ్మాయి పళ్ళెం తెస్తే వెనక్కి పంపాను. ఆరూ ముప్పై అయిదుకి సూర్యుడు దిగిపోవడం కిటికీలోంచి కళ్ళారా చూసి, జేబులో ఉన్న మూడు ఖర్జూరాలతో విడిచాను. మబ్బుల మీద ఇఫ్తార్! ఆ శాంతి మాటల్లో చెప్పలేను."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. నాకు సిగ్గేసింది. అంత నిష్ఠగల మనిషిని అనుమానిస్తున్నానే అనిపించింది. పుస్తకంలో రాసుకున్నాను: ఆరూ ముప్పై అయిదు, మూడు ఖర్జూరాలు. ఎప్పటిలాగే మనింట్లో విడిచే టైమే కదా అనుకున్నాను. నేనూ భూమధ్యరేఖ పక్కన పుట్టినవాణ్ణే. మా సూర్యుడు ప్రభుత్వోద్యోగి కంటే నయం, ఏడాది పొడుగునా ఆరున్నరకి అటూ ఇటూగా దిగిపోతాడు. ఆయన ఇంకోలా కూడా చేస్తాడని మాకు తట్టదు.

పక్క వంటింట్లో నీళ్ళ చప్పుడైంది. అబూద్ పంపు కింద గ్లాసు పెట్టి గటగటా తాగుతున్నాడు. నేను చూశానని తెలిసి గ్లాసు దించేశాడు.

"ఒంట్లో బాగాలేదా తమ్ముడూ?"

"కడుపు," అన్నాడు నేలచూపులు చూస్తూ.

అతను ఒక ఖర్జూరాల డబ్బా ఎడంచేత్తో తెచ్చి నాకిచ్చాడు. డకార్‌నుంచి తెచ్చిందట, ఇఫ్తార్‌కి ఉంచుకోమని నస్సోర్ అన్నాడు. ఎడంచేత్తో ఇవ్వడం మాలో మర్యాద కాదు. అందుకే నా కళ్ళు కుడిచేతి మీదికి పోయాయి. చిటికెన వేలూ దాని పక్క వేలూ మొదలుకంటా లేవు. లాంచీ తాడులో పడి తెగి ఉంటాయి, మా దీవుల్లో అలాంటి చేతులు చాలా ఉన్నాయి. నా చూపు ఆ చేతి మీద అవసరం కంటే ఒక్క క్షణం ఎక్కువ ఆగింది. తల తిప్పేసరికి నస్సోర్ నన్నే చూస్తున్నాడు.

నేను చెప్పులు వేసుకుంటుంటే వెనక ఆయన గొంతు వినిపించింది. "అబూద్, పనివాళ్ళందరినీ ఇళ్ళకి పంపించెయ్. ఇవాళ ఇఫ్తార్ మనిద్దరమే. చాపలు వరండాలో పరిచి ఉంచు."

నేను గేటు దాటేసరికి అబూద్ ఒంగి చాపలు పరుస్తున్నాడు.

*

అయిదూ నలభైకి కారులో కూర్చుని విమాన సంస్థ ఇచ్చిన నంబరు కలిపాను. ఆ రోజు విమానంలో పనిచేసిన అమ్మాయి పేరు నఫూలా. ఆమెతో మాట్లాడాలని పొద్దుట్నుంచీ అడుగుతుంటే, డ్యూటీ దిగి ఇప్పుడు దొరికింది. నిజం చెప్పాలంటే నాకు ఆశేమీ లేదు. అడగాల్సిన ప్రశ్న అడిగి, కాగితం మూసి, రేపు కాద్జోకి మొహం ఎలా చూపించాలా అని ఆలోచిస్తున్నాను.

"మంగళవారం విమానంలో ఇఫ్తార్‌కి ఏమిచ్చారమ్మా?"

"ఇఫ్తారా?" ఆ పిల్ల నవ్వింది. "ఆ విమానంలో ఇఫ్తార్ ఎక్కడిది సార్?"

"అదేంటి? ఒంటిగంటకి లేచారు. ఆరూ ముప్పై అయిదుకి మీరింకా గాల్లోనే ఉన్నారుగా."

"గాల్లోనే ఉన్నాం. కానీ మీ గడియారంలో ఆరూ ముప్పై అయిదైతే సూర్యుడికేంటి సార్? పడమటికి పోయే విమానం కదా. పొద్దు పోయే దిక్కుకే మేమూ పోతాం. మేం ఎంత పోతే ఎండ అంత సాగుతుంది. మీరన్న టైముకి ఎండ ఫెళ్ళుమంటోంది, కిటికీ తెరలు వెయ్యమని జనం గోల."

నేను సీట్లో నిటారుగా కూర్చున్నాను.

"మరి దిగేసరికి?"

"డకార్‌లో సాయంత్రం అయిదూ నలభై అయిదు. అప్పటికీ ఎండే. అక్కడ ఇఫ్తార్ ఏడూ ఇరవైకి, అంటే మనకి రాత్రి పదీ ఇరవై. ఉపవాసం ఉన్నవాళ్ళు పదకొండు మంది, పాపం వాళ్ళ మొహాలు చూడలేకపోయాం. ఖర్జూరం పొట్లాలు కట్టి, దిగేటప్పుడు తలుపు దగ్గర చేతిలో పెట్టాం, పొద్దు పోయాక తినండని."

"పద్నాలుగో వరుస కిటికీ సీటాయన ఆ పదకొండులో ఉన్నాడా?"

"ఆయనా!" ఈసారి గట్టిగా నవ్వింది. "ఆయనకి ఉపవాసమేంటి సార్? కోడికూర ఇంకోటి ఉందా అని అడిగి మరీ తిన్నాడు. పళ్ళెం మీద రేకు మూత నేనే తీసిపెట్టా. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు కదా, ఆయన తీసుకోలేకపోయాడు."

ఫోను పెట్టేసి, పుస్తకంలో రాసుకున్నది మళ్ళీ చూశాను. పసిబిడ్డ ఏడుపు అబూద్ విన్నాడు, అన్నకి చెప్పాడు. సీటు నంబరు చెప్పాడు. కోడికూర సంగతి చెప్పలేదు. నిష్ఠాపరుడైన అన్నకి ఏ తమ్ముడు చెబుతాడు? ఆ ఖాళీని నస్సోర్ తన సొంత సూర్యుడితో నింపుకున్నాడు. అడక్కుండానే నింపుకున్నాడు, గొప్ప కోసం.

*

ఆరూ పదికి ముతిందా బల్లమీద ఆయన కాగితాన్నే పరిచాను.

"ఒంటిగంటకి ఏడూ ముప్పావు కలపండి సార్."

"ఎనిమిదీ ముప్పావు. రాత్రి. అయితే?"

"డకార్ మనకంటే మూడు గంటలు వెనక. తీసెయ్యండి."

"అయిదూ నలభై అయిదు." వేళ్ళమీద లెక్కపెట్టి ఆగిపోయాడు. నేను నా పుస్తకం తెరిచి పక్కన పెట్టాను. ఆరూ ముప్పై అయిదు, కిటికీలో సూర్యాస్తమయం. ఆయన ఒకసారి అది చూశాడు, ఒకసారి ఇది చూశాడు. తర్వాత కిటికీలోంచి మా సొంత ఎండ వైపు చూశాడు. అది గోడ మీద ఎర్రబడుతోంది.

"ఎండ ఉండగానే దిగాడు," అన్నాడు మెల్లగా. "అంటే వాడు ఆ విమానంలోనే లేడు."

"ఉన్నది అబూద్. నఫూలా ఆ చెయ్యి చూసింది."

పొగడ్త ఆశించలేదు, రాలేదు కూడా. ముతిందా లేచి రెండడుగులు అటూ ఇటూ నడిచాడు. మనిషి ఎంత దుడుకువాడైనా లెక్క ముందు నిజాయితీపరుడు. ఆ ఒక్కందుకు ఆయన్ని క్షమించాను.

"కానీ పెద్దాయనా, రేపు తొమ్మిదింటికి కోర్టులో ఇది నిలబడదు. టైము తప్పు చెప్పానంటాడు. అలవాటు కొద్దీ అన్నానంటాడు. ఆ పిల్ల రోజుకి రెండొందల మందిని చూస్తుంది, పొరబడిందంటాడు. పాస్‌పోర్టు ముద్రలు రెండూ వాడివే. అబూద్ నోరు విప్పి, 'అన్న బదులు నేనెళ్ళాను' అంటేనే కాద్జో బయటికొస్తుంది."

"అంటాడు. వట్టి మెతక మనిషి. నీళ్ళు తాగుతూ దొరికితేనే నేలలోకి కుంగిపోయాడు."

"అనకపోతే? వాడు లేకుండా పోతే మన దగ్గరేముంది? రెండు చాపలూ, ఒక కోడికూర."

వాడు లేకుండా పోతే. ఆ మాట నా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

అబూద్ చేతిమీద నా చూపు. ఆ చూపు మీద నస్సోర్ చూపు. పనివాళ్ళని పంపించెయ్యమన్న గొంతు. వరండాలో పరిచిన చాపలు, ఎడమవైపుది కాస్త ముందు, కుడివైపుది ఓ మడమంత వెనక. ఆ వరసే ఈ మధ్యాహ్నం మోకాళ్ళమీద కూర్చుని అరగంట చూశాను. మళ్ళీ సాయంత్రం చూశాను, చెప్పులు వేసుకుని వచ్చేశాను. ఫాకీ కూడా నమాజు అయ్యాక తలవంచుకుని దువా చేసుకుంటూ ఉండి ఉంటాడు. ముందున్నవాడు నెమ్మదిగా లేచి వంటింట్లోకి వెళ్ళి, అంగీ కొసతో రోకలి పట్టుకుని వెనక్కొచ్చినా, అతను తలెత్తి చూసి ఉండడు.

"సార్, కారు తియ్యండి."

"ఏమైంది?"

"నడుస్తూ చెప్తా."

మెట్లమీద మోకాలి నొప్పి గుర్తుకే రాలేదు. ముతిందా స్వయంగా స్టీరింగ్ పట్టాడు, సైరన్ వేశాడు. ఇఫ్తార్ వేళ, రోడ్డంతా ఇళ్ళకి పరిగెత్తే జనం. ఆరూ ఇరవై ఎనిమిది. ఆరూ ముప్పై. ఎదుటి లారీవాడు కదలడు. మేం వచ్చేదాకా ఇద్దర్నీ పట్టి ఉంచమని ఆ పక్క ఠాణాకి ముతిందా ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. వాళ్ళూ ఖర్జూరాల చుట్టూ చేరి ఉంటారు.

ఆరూ ముప్పై మూడుకి అబూద్ నంబరు కలిపాను. నాలుగు మోతల తర్వాత ఎత్తాడు. వెనక పంపు చప్పుడు.

"అబూద్, నేను కొంబోని. అన్న ఎక్కడ?"

"నమాజుకి కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుంటున్నాడు సార్. ఇప్పుడే ఖర్జూరాలు పెట్టాం. తర్వాత మాట్లాడనా?"

"మాట్లాడొద్దు, విను. పద్నాలుగో వరుసలో కూర్చున్నది నువ్వని నాకు తెలుసు. కోడికూర తిన్నది నువ్వు. నీమీద నాకు కోపం లేదు. మంగళవారం మీ అన్న ఏం చేశాడో నీకు ముందు తెలీదనే నేను నమ్ముతున్నా."

అవతల గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

"తెలీదు సార్," అన్నాడు. గొంతు పిల్లాడి గొంతయింది. "ఎగుమతి పని అన్నాడు. నేను రాలేను, నా పాస్‌పోర్టు పట్టుకుని నా బదులు నువ్వు పో అన్నాడు. ఈ పొద్దున ఫాకీ మామ మట్టి దగ్గర నిలబడ్డాక..."

"ఏడవకు. చెప్పులు కూడా వేసుకోకు. గేటు తీసుకుని రోడ్డు మీదికి రా. ఇప్పుడే. నమాజుకి అతని వెనక నిలబడొద్దు."

"అన్న వెనకా?" అన్నాడు, అర్థం కానట్టు. పుట్టినప్పట్నుంచీ నిలబడ్డ చోటే కదా అది.

అప్పుడే మసీదుల్లో నమాజుకి పిలిచే బాంగు మొదలైంది. ముందు దూరంగా ఒకటి, తర్వాత నాలుగు వైపుల నుంచీ. ఫోనులో కూడా అదే బాంగు వినిపించింది. అబూద్ ఏదో అనబోయాడు. ఫోను చేతులు మారిన చప్పుడైంది.

"కొంబో అన్నా," నస్సోర్ గొంతు చల్లగా ఉంది. "ఆరూ ముప్పై అయిదయింది. ఉపవాసం విడవండి."

లైను తెగిపోయింది.

ఒళ్ళో ఆయనిచ్చిన ఖర్జూరాల డబ్బా అలాగే ఉంది. దాని మూత తీయాలని కూడా అనిపించలేదు. ముతిందా లారీ పక్కనుంచి ఫుట్‌పాత్ మీదికి కారెక్కించాడు.

"ఎంత దూరం పెద్దాయనా?"

"రెండు కిలోమీటర్లు."

"వాళ్ళ నమాజు ఎంతసేపు?"

"ఈ పూటది చిన్నది," అన్నాను. "అయిదు నిమిషాలు పట్టదు."